నాలుగు లెక్కల ఖాళీ

వ్యానుకి మళ్లీ రంగు వేయించలేదు.
'డీజే టావీ'లో మొదటి అక్షరం వానకి కారిపోయి
ఇప్పుడది 'డీజే వీ'.
తవిటయ్య అన్న పేరుని
బరంపురంలో ఎవడో కత్తిరించి ఇచ్చాడట,
ఇరవై రెండేళ్ల కిందట.

"టావీ యేటమ్మా, ఆడింకా ఉన్నాడేటి?"
అన్నాడు నా గుంటడు
మా ఆడపడుచు కూతురి పెళ్లి ఊరేగింపులో.
ఉన్నాడురా.
ఉండడమంటే ఏటో
నాకూ సరిగ్గా తెలీదు గాని.

నాకు పదిహేడప్పుడు
వ్యాను ముందు ఆడోళ్లు ఆడకూడదు.
కాశీబుగ్గ సందులో, జీడిపిక్కల బస్తాల వెనక
ఏడుగురం నక్కి వినేవాళ్లం.
చెవులతో కాదు,
బస్తాకి ఆనించిన వీపులతో.
ఆ దెబ్బకి పిక్కలు లోపల్లోపల కదిలేవి,
సంచి నిండా పళ్లు కొరుక్కుంటున్నట్టు.

వాళ్ల మావ తప్పెటగుళ్ల చప్పుడు
పాత క్యాసెట్టులోంచి తీసి
కంప్యూటరు దరువు కింద పరిచేవాడు.
పెంచేవాడు. ఇంకా పెంచేవాడు.
ఇక ఊరు పగిలిపోద్దనగా
మొత్తం కోసేసేవాడు.

ఒకటి.
వీధి చివర కుక్క.
రెండు.
ఎవరిదో కాలిపట్టీ, ఒక్క మువ్వ.
మూడు.
జనరేటరు దగ్గు.
నాలుగు
అని మనసులో అనేలోపు
నేల కిందనుంచి వచ్చేది,
మడమల్లోంచి, మోకాళ్లలోంచి.
జీడినూనెకి నల్లబడ్డ మా వేళ్లు
చీకట్లో పైకి లేచేవి.
ఎవరికీ కనబడేవి కావు. అదే మాకు కావలసింది.

మొన్న పిలిచింది అభిమానంతో కాదు.
సగం రేటుకి వస్తానన్నాడని.
పెళ్లికొడుకు వైపు వాళ్లు రాజాం నుంచి
లేజరు లైట్ల కుర్రాళ్లని తెచ్చారు.
వాళ్ల దగ్గర పదిహేను సెకన్లకో పాట.
దరువుకి దరువు దానంతటదే అతుక్కుంటాది,
మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.
బాగుంది. అబద్ధమెందుకు,
నా కాలూ కదిలింది.

తర్వాత టావీ వంతు.
తిత్లీ గాలివానలో తడిసిన పెట్టొకటి
ఇప్పటికీ బొంగురే.
ఎడమ చెవి వినబడదంట, తల కుడిపక్కకి వంచి
పెంచాడు. ఇంకా పెంచాడు.
కోసేశాడు.

"కరెంటు పోయింది!" అని ఒకడు.
"ఒరే, వైరు ఊడిందేమో సూడండ్రా" అని ఇంకొకడు.
ఫోన్లెత్తి వీడియో తీస్తున్నోళ్లు
ఫోన్లు దించేశారు.
నా కొడుకు ఎటో చూశాడు.

దాలమ్మ మాత్రం
ఎత్తిన కాలు దించలేదు.
ఎర్రయ్య పెళ్లాం నీలవేణి గాల్లో చెయ్యి అలాగే ఉంచేసింది.
ఏడుగురిలో మిగిలినవాళ్లం అయిదుగురం,
ఒకర్నొకరం చూసుకోకుండానే
లెక్క పెడుతున్నాం.

పడింది.
ఆడాం. ఈసారి లైట్లలో,
నల్ల వేళ్లతో, అందరి ముందూ.
రెండు పాటలు. అంతే.
పెళ్లికూతురి మేనమావ వచ్చి
"కుర్రోళ్లకి నచ్చేది పెట్టు బావూ" అన్నాడు.
మాటాడకుండా పెట్టాడు.
పాట పేరు చదవడానికి నా కొడుకు ఫోను అందుకుని
మూరెడు దూరం పట్టి
కళ్లు చికిలించాడు.
వాడే వేలితో చూపించాడు, ఇది బాబాయ్, ఇది.

ఆయన ఇంకా పనికొస్తాడా అంటే
ఎవరికి, అని అడగాలనిపిస్తాది.
అడిగినా జవాబు నా దగ్గర లేదు.

సోమవారం పలాస ఫ్యాక్టరీలో
కట్టరు పెడలు మీద కాలు.
పిక్క పెట్టు, తొక్కు, పప్పు తియ్యి.
పిక్క పెట్టు, తొక్కు.
పదకొండు గంటలప్పుడు
నా కాలు గాల్లోనే ఉండిపోయింది.

"ఏటే, ఆగిపోనావు?" అన్నాడు సూపర్‌వైజరు.

లెక్కెడతన్నాను బావూ,
ఉండు,
మూడు దాకా వచ్చాను.